సంతకం ఎక్కడ పెట్టాలి

"అమ్మా, ఇందులో మూడు సేవ్‌లున్నాయి. ఏది నొక్కితే సరుకు లోపలికి ఎక్కినట్టు?"

గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో, రాత్రి పదకొండు దాటాక, గేటు గుమస్తా నన్ను అడిగిన మాట ఇది. మార్చి నెల. బయట రోడ్డు మీద మిర్చి టిక్కీలతో (మిర్చి నింపిన బస్తాలతో) ట్రాక్టర్లు, లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. ముప్పై ఏళ్లు చేత్తో పుస్తకం రాసిన మనిషి. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఎవరి సరుకు ఏ చాంబర్లో ఉందో నోటితో చెప్పగలిగే ఆయన, మా ఆఫీసు రాసిచ్చిన కంప్యూటర్ పేజీ ముందు కూర్చుని ఏ బటన్ దేనిదో నన్ను అడగాల్సి వచ్చింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రైతు వివరాలకు ఒక సేవ్, టిక్కీల తూకాలకు ఒక సేవ్, బాండు (సరుకు దాచినట్టు కోల్డ్ స్టోరేజీ ఇచ్చే కాగితం) మీద అప్పు తీసుకుంటే ఆ వివరాలకు ఇంకో సేవ్. మూడూ నొక్కితేనే సరుకు లోపలికి ఎక్కినట్టు. రెండు నొక్కి మూడోది మర్చిపోతే ఏమవుతుందో మేమెవరం ఆలోచించలేదు. ఆ సీజన్‌లో అలా సగం సగం మిగిలిన ఎంట్రీలను తర్వాత ఒక్కొక్కటిగా సరిచేశాం. రైతు ఉన్నాడు, తూకం లేదు. తూకం ఉంది, అది ముందు వచ్చిన రైతు పేరు మీద పడింది. పంట మొత్తం తెచ్చి మన చేతిలో పెట్టిన మనిషి లెక్క అది. దాన్ని చిన్న బగ్ అనడానికి నాకు నోరు రాదు.

ఆ పేజీ అలా ఎందుకు తయారైందో చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో మాది నలుగురు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రైతు నమోదు ఫారం నేను రాశాను, తూకాల ఫారం ఒకరు, అప్పు ఫారం ఇంకొకరు. ఏది దానికది చక్కగా పనిచేసేది. వేరే క్లయింట్ల దగ్గర, వేరే పేజీల్లో, ఏళ్ల తరబడి నలిగినవే. కొత్త యజమాని "గేటు దగ్గర అన్నీ ఒకే పేజీలో కనపడాలి" అన్నారు. ఉన్న మూడింటినీ తెచ్చి ఒకదాని కింద ఒకటి పెట్టాం. కాంపొనెంట్లను, అంటే ఒకసారి రాసి ఏ పేజీలోనైనా పెట్టగలిగే ముక్కలను, మళ్లీ మళ్లీ వాడుకోవడం అంటే ఇదే కదా అనుకున్నాం. రెండు రోజుల్లో పని ముగిసింది.

తప్పు అక్కడే జరిగింది. ఫారం మొత్తాన్ని ఒక కాంపొనెంట్ చేశాం. ఫారం పేజీకి చెందాలి. కాంపొనెంట్ లోపల ప్రశ్నలు మాత్రమే ఉండాలి: రైతు ఎవరు, ఏ ఊరు, ఎన్ని టిక్కీలు, ఏ రకం. సేవ్ బటన్ ఎక్కడుంది, నొక్కితే డేటా ఏ అడ్రసుకు పోతుంది, పోయాక ఏ పేజీ తెరుచుకుంటుంది అనే సంగతులు కాంపొనెంట్‌కు తెలియనే కూడదు. ఇది ఇప్పుడు మా ఆఫీసులో నేను పట్టుబట్టే విషయం. దీని మీద మాలో మాకు చాలా వాదనలు జరిగాయి, ఇంకా జరుగుతున్నాయి కూడా.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా పనిచేశారు. చిన్నప్పుడు సీజన్ రోజుల్లో ఆయన తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు) రాస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. పైన రైతు పేరు, ఊరు. దాని కింద టిక్కీల లెక్క, తూకాలు, క్వింటా ధర. ఆ కింద కోతలు. చివర రైతుకు రావాల్సిన మొత్తం. అన్నిటి కిందా ఒక్క సంతకం. పేరు రాశాక ఒకటి, తూకం రాశాక ఒకటి సంతకం పెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. మధ్యలో పెద్ద తప్పు పోతే ఆ కాగితం కొట్టేసి ఇంకోటి రాసేవారు. సగం రాసిన తక్‌పట్టీతో రైతుకు పనేముంది? నాన్న తర్వాత వేరే కొట్టుకు మారారు. అక్కడ కోతల భాగం వేరుగా ఉండేది. పేరు, ఊరు రాసే పై భాగం మాత్రం అచ్చం పాత కొట్టులో ఉన్నట్టే ఉండేది. సంతకం అప్పుడూ కాగితం అడుగునే.

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లోనూ ఈ నియమం మొదటి నుంచీ ఉంది. 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1866 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 నిర్వచనంలోనే ఫారం లోపల ఇంకో ఫారం ఉండకూడదని రాసి ఉంది. నేటికీ అంతే. ఎవరైనా పెడితే బ్రౌజర్ ఎర్రర్ చూపించి ఆగదు, అందుకే చాలామందికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. సర్వర్ నుంచి వచ్చిన పేజీని చదివేటప్పుడు బ్రౌజర్ లోపలి ఫారం మొదలయ్యే ట్యాగ్‌ను (కోడులోని గుర్తును) లెక్కలోకి తీసుకోదు. లోపలి ఫారం ముగిసే ట్యాగ్ రాగానే బయటి ఫారం ముగిసిందనుకుంటుంది. దాంతో ఆ తర్వాత వచ్చే ఫీల్డులు (వివరాలు నింపే గడులు) చాలాసార్లు ఏ ఫారానికీ చెందకుండా మిగిలిపోతాయి. స్క్రీన్ మీద కనిపిస్తాయి, టైప్ చేస్తే అక్షరాలు పడతాయి, సేవ్ నొక్కితే మాత్రం వాటిలో ఉన్నది సర్వర్‌కు చేరదు. మా అప్పు వివరాల్లో చివరి రెండు ఫీల్డులకు ఒకసారి ఇదే జరిగింది. వడ్డీ రేటు ఖాళీగా వస్తోంది అని ఫోన్ వచ్చేదాకా మాకు తెలియలేదు.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో పేజీలు రాసేవాళ్లకు ఇది ఇంకోలా తగులుతుంది. తూకాల ఫారం మధ్యలో "కొత్త రైతు" అని ఒక బటన్ ఉందనుకుందాం. నొక్కితే ఒక పాపప్ వస్తుంది, అందులో చిన్న ఫారం. రియాక్ట్‌లోని పోర్టల్ అనే సదుపాయం వాడి పాపప్‌ను పేజీలో ఎక్కడో చివరకు తోశాం కాబట్టి ఫారంలో ఫారం లేదని ధైర్యంగా ఉంటాం. కానీ రియాక్ట్ ఈవెంట్లు (నొక్కడం, సబ్మిట్ చేయడం లాంటి కబుర్లు) పేజీలో ఉన్న చోటును బట్టి కాకుండా కాంపొనెంట్ల వరసను బట్టి పైకి వెళతాయి. పాపప్‌లో సేవ్ నొక్కితే ఆ సబ్మిట్ ఈవెంట్ బయటి తూకాల ఫారం దాకా పాకుతుంది. రైతును చేర్చబోతే ఇంకా నింపని తూకాలు కూడా సేవ్ అయిపోతాయి. ఈవెంట్‌ను అక్కడే ఆపేయవచ్చు, ఒక లైను పని. ఆ లైను ఎందుకు రాయాల్సి వచ్చిందో అడిగితే మళ్లీ మొదటికే వస్తాం: కాంపొనెంట్ తన సేవ్‌ను తనతో మోసుకు తిరుగుతోంది.

సరే, లోపలి ఫారం ట్యాగులు తీసేసి, అన్నిటినీ ఒక్క ఫారంలో పెడదాం అన్నాను. అసలు కష్టాలు అప్పుడు బయటపడ్డాయి. వీటిని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టిన ప్రతి ఆఫీసూ వీటిలో కనీసం ఒకటైనా చూస్తుంది.

మొదట రేడియో బటన్లు. రైతు భాగంలో సొంతం, కౌలు అని రెండు గుండ్రని బటన్లు. సరుకు భాగంలో మిర్చి రకాలు: తేజ, 334, 341, బాడిగ. రెండు భాగాల్లోనూ ఆ బటన్లకు కోడులో మేము పెట్టిన నేమ్ (సర్వర్‌కు ఆ వివరం వెళ్లే పేరు) ఒకటే: టైప్. వేరువేరు ఫారాల్లో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఒకే ఫారంలోకి వచ్చేసరికి ఒకే నేమ్ ఉన్న రేడియో బటన్లన్నిటినీ బ్రౌజర్ ఒకే గుంపుగా తీసుకుంటుంది. గుమస్తా ముందు కౌలు అని నొక్కుతాడు. కిందికి వచ్చి తేజ నొక్కగానే పైన కౌలు గుర్తు పోతుంది. ఆయన కళ్లు అప్పటికే కింద ఉన్నాయి కాబట్టి చూడడు. కౌలు రైతుకు తన పేరు కాగితం మీద సరిగ్గా పడటం ఎంత ముఖ్యమో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మేము ఆ గుర్తునే చెరిపేశాం.

తర్వాత పేర్లు. రైతు భాగంలో పేరు ఉంది, హామీదారు భాగంలోనూ పేరు ఉంది. ఒకే నేమ్‌తో రెండు వస్తే సర్వర్ వైపు భాష అయిన పీహెచ్‌పీ చివరిదాన్నే ఉంచుకుంటుంది. పరీక్ష కోసం మేము తీసిన బాండులో రైతు పేరు ఉండాల్సిన చోట హామీదారు పేరు అచ్చయింది. అది ఆఫీసులోనే దొరికింది, గేటు దాకా పోలేదు. పేజీలో ఒక్కో ఫీల్డును గుర్తుపట్టడానికి ఇచ్చే ఐడీలతోనూ ఇదే తంటా. రెండు ఫీల్డులకు ఒకే ఐడీ ఉంటే, కింద హామీదారు దగ్గర పేరు అనే అక్షరాల మీద నొక్కినా కర్సర్ పైకి వెళ్లి రైతు పేరులో కూర్చుంటుంది.

ఇక ఎంటర్ కీ. తూకం కొట్టి ఎంటర్ నొక్కడం గుమస్తాలందరికీ అలవాటు. కాలిక్యులేటర్ మీద చేయి తిరిగినవాళ్లు. ఒక ఫీల్డులో ఎంటర్ కొడితే బ్రౌజర్ ఆ ఫారంలో వరసలో మొదట ఉన్న సబ్మిట్ బటన్‌ను నొక్కినట్టు తీసుకుంటుంది. బటన్‌కు టైప్ చెప్పకపోతే అది సబ్మిట్ బటనే అవుతుంది. మా రైతు భాగంలో "ఫొటో తీయి" అనే బటన్‌కు టైప్ రాయలేదు. అందుకని టిక్కీ తూకం కొట్టి ఎంటర్ నొక్కితే కెమెరా తెరుచుకునేది. బాబాయ్ నన్ను పిలిచి ఏమీ అనకుండా రెండుసార్లు నొక్కి చూపించారు. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

వీటన్నిటికీ మందు ఒకటే, అదీ పాతదే. కాంపొనెంట్ తన పేరును తాను పెట్టుకోకూడదు, పేజీ ఇవ్వాలి. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫారాలకు ప్రిఫిక్స్ (పేరు ముందు తగిలించే మాట) అని ఇవ్వడం చాలాకాలంగా ఉంది. ఒకే ఫారం ట్యాగ్ లోపల ఎన్ని జాంగో ఫారాలైనా కొట్టుకోకుండా ఉండటానికి పెట్టిందే అది. పీహెచ్‌పీలో నేమ్‌కు చదరపు బ్రాకెట్లు తగిలిస్తే రైతు అనే అరలో పేరు, హామీదారు అనే అరలో పేరు అంటూ దానంతట అదే సర్ది ఇస్తుంది. ఇప్పుడు పేరు అడిగే కాంపొనెంట్‌ను పిలిచేటప్పుడు పేజీ ఒక మాట అందించాలి: నువ్వు ఇక్కడ రైతువి, లేదా నువ్వు ఇక్కడ హామీదారువి. ఆ మాట లేకుండా పిలిస్తే కాంపొనెంట్ అసలు కనపడదు, ఎర్రర్ ఇస్తుంది. డిఫాల్ట్ ఏదో ఒకటి పెడదామని మా కుర్రాడొకరు అన్నారు, నేను ఒప్పుకోలేదు. డిఫాల్ట్ ఉంటే రెండుచోట్లా అదే పడి, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రతి భాగం చుట్టూ ఫీల్డ్‌సెట్ (ఫీల్డులను ఒక గుంపుగా కట్టే ట్యాగ్), దానికి లెజెండ్ (ఆ గుంపు శీర్షిక) పెట్టాం. చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో వాడితే "పేరు" అని ఊరికే వినపడకుండా ఎవరి పేరో కూడా వినపడుతుంది. ఇంకో సుఖం కూడా ఉంది. అప్పు అక్కర్లేని రైతుకు ఆ ఫీల్డ్‌సెట్‌ను డిసేబుల్ చేస్తే దాని లోపలి ఫీల్డులన్నీ ఒకేసారి ఆగిపోతాయి, సర్వర్‌కు వెళ్లవు. ఒక్కో ఫీల్డును దాచడానికి మేము రాసుకున్న జావాస్క్రిప్ట్ సగం దీనితో పోయింది.

ఇంతవరకు మా ఆఫీసులో పెద్దగా గొడవ లేదు. గొడవంతా ముక్కలు ఎక్కడ కోయాలి అన్న దగ్గర.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మిర్చి సీజన్ నడుమ. నిన్నటిదాకా గుంటూరు జిల్లా రైతు అయిన నరసరావుపేట, సత్తెనపల్లి, మాచర్ల మనిషి ఆ రోజు నుంచి పల్నాడు జిల్లా రైతు. రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది. తెనాలి, పొన్నూరు గుంటూరులోనే ఉన్నాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, కృష్ణా జిల్లాకు మచిలీపట్నం కేంద్రంగా మిగిలింది. మా సాఫ్ట్‌వేర్‌లో అడ్రసు అడిగే ఫారాలు ఏడు. ప్రతిదానిలోనూ జిల్లాల పట్టిక విడిగా రాసి ఉంది, ఎందుకంటే ఎవరి ఫారం వాళ్లు రాశారు. నాలుగింటిని ఆ వారంలో మార్చాం. రెండు తర్వాత గుర్తొచ్చాయి. ఏడోది కొనుగోలుదారు ఫారంలో ఎక్కడో మూలన ఉంది, అది జూన్‌లో బయటపడింది. ఈలోపు ఒకే రైతు ఒక కాగితంలో పల్నాడు, ఇంకో కాగితంలో గుంటూరు. బ్యాంకుకు ఆ రెండూ పట్టుకెళ్లిన మనిషిని అక్కడ నిలబెట్టి ప్రశ్నలు వేశారు. మా పట్టికకు ఆయన జవాబు చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు అడ్రసును ఒక్క కాంపొనెంట్‌గా విడదీశాం. అది రాస్తూ కూర్చుంటే అడ్రసు గురించి మాకు ఎంత తక్కువ తెలుసో అర్థమైంది. 522తో మొదలయ్యే పిన్ కోడ్ కనపడితే గుంటూరు జిల్లా అని నింపేసే కోడు ఒకటి మా దగ్గర ఉండేది. జిల్లాలు మారినా పిన్ కోడ్లు మారలేదు. 522లో ఇప్పుడు గుంటూరు, పల్నాడు, బాపట్ల మూడూ ఉన్నాయి. ఆ కోడు తీసేశాం. 2021లో ఇచ్చిన బాండును మళ్లీ ప్రింట్ తీస్తే అందులో అప్పటి జిల్లా పేరే రావాలి కదా. అందుకని పట్టికలో ప్రతి జిల్లాకూ ఎప్పటి నుంచి చెల్లుతుందో తేదీ పెట్టాం.

ఇక మా ఊరి అడ్రసులు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రసు అంటే 4/14 అని చెప్పుకుంటాం, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. మా పాత ఫారాల్లో ఒకటి, అడ్రసులో ఆ గీత ఉంటే, తప్పు అడ్రసు అని ఎర్రగా చూపించేది. బ్రాడీపేటలో కూర్చుని బ్రాడీపేట అడ్రసు ఒప్పుకోని ఫారం రాశాం. డోర్ నంబర్లు 5-3-12 లాగా ఉంటాయి, ఎక్సెల్‌లో తెరిస్తే అవి తేదీలుగా మారిపోతాయి. ఆ జాగ్రత్త కూడా ఇప్పుడు ఆ కాంపొనెంట్‌తో వచ్చే ఎగుమతి కోడులో ఉంది. ఇవన్నీ ఒక్కచోట నేర్చుకున్నాం, ఏడుచోట్లా పనికొచ్చాయి. కాంపొనెంట్ వల్ల కోడు తగ్గుతుందని అందరూ అంటారు. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది ఇలా ఒక విషయం గురించి ఆఫీసు మొత్తం నేర్చుకున్నది ఒక చోట నిలవడం.

అడ్రసుతో వచ్చిన ఉత్సాహంలో మేము రెండో తప్పు చేశాం. రైతు, హామీదారు, కొనుగోలుదారు, హమాలీ మేస్త్రీ, లారీ డ్రైవరు, అందరూ మనుషులే కదా, అందరికీ ఒకే వ్యక్తి కాంపొనెంట్ చాలు అనుకున్నాం. రైతుకు పాసు పుస్తకం నంబరు చూపించు, డ్రైవరుకు దాచు, కొనుగోలుదారుకు జీఎస్‌టీ నంబరు తప్పనిసరి, మేస్త్రీకి వద్దు. అలా స్విచ్చులు పెట్టుకుంటూ పోతే ఇరవై దాటాయి. డ్రైవరు లైసెన్సు కోసం ఒక మార్పు చేస్తే హామీదారు ఫారంలో ఫోన్ నంబరు తప్పనిసరి కాకుండా పోయింది. ఎవరూ ఆ ఫైల్ ముట్టుకోవడానికి ఇష్టపడని స్థితి వచ్చింది. దాన్ని ముక్కలు చేయమని అడిగింది నేనే, మొదట కలపమని పట్టుబట్టిందీ నేనే.

ఇప్పుడు నేను అడిగే ప్రశ్న ఇది: ఈ రెండు భాగాలూ ఒకే కారణంతో మారతాయా? జిల్లాలు మారితే రైతు అడ్రసూ మారుతుంది, కొనుగోలుదారు అడ్రసూ మారుతుంది. కాబట్టి అడ్రసు ఒక్కటే. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడు ఎవరిదైనా 11 అక్షరాలే, ఐదోది సున్నాయే, కాబట్టి బ్యాంకు ఖాతా భాగం ఒక్కటే. కానీ కౌలు నియమాలు మారితే డ్రైవరుకు సంబంధం లేదు, జీఎస్‌టీ నియమాలు మారితే రైతుకు సంబంధం లేదు. చూడటానికి ఒకేలా ఉన్నా అవి వేరువేరు భాగాలు. మా ఆఫీసులో ఒకరు ఇప్పటికీ ఒప్పుకోరు, ఒకేలా కనపడే రెండు ఫైళ్లు చూస్తే ఆయనకు మనశ్శాంతి ఉండదు. నేను ఆ రెండు ఫైళ్లను అలాగే ఉండనిస్తాను.

కొన్ని ప్రశ్నలు అసలు అడగక్కర్లేదు కూడా. కొనుగోలుదారు దగ్గర జీఎస్‌టీ నంబరు తీసుకుని, మళ్లీ పాన్ నంబరు అడిగేవాళ్లం, మళ్లీ రాష్ట్రం అడిగేవాళ్లం. జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం, మనకు 37. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది పాన్ నంబరే. మూడు ఫీల్డులు ఉన్న చోట ఒకటి సరిపోయింది. రైతు పేరు కూడా అంతే, పైన ఒకసారి రాశాక కింద అప్పు భాగంలో మళ్లీ టైప్ చేయించడం దేనికి? 2023 అక్టోబరులో వచ్చిన, వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణంలో ఒకే పని మధ్యలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ టైప్ చేయించకూడదని, అదే నిండేలానో ఎంచుకునేలానో ఉండాలని కనీస స్థాయి నియమంగానే పెట్టారు. మూడు ఫారాలుగా ఉన్నప్పుడు ఇది మా కంటికి కనపడలేదు, ఎందుకంటే ఒక ఫారానికి ఇంకో ఫారంలో ఏముందో తెలియదు. ఒక్క ఫారం అయ్యాక దాచడానికి వీల్లేకుండా కనపడింది.

నా వాదనకు ఎదురుగా గట్టి మాట ఒకటి ఉంది, అది మా సీనియర్ ఆయనది. "ఒక్క సేవ్ పెడితే, తూకాలన్నీ కొట్టాక కరెంటు పోతే? మూడు సేవ్‌లుంటే కనీసం రెండు భాగాలైనా మిగులుతాయి." సీజన్‌లో కరెంటు పోతుంది, నెట్ పోతుంది, ఇది ఊహించుకున్న భయం కాదు. ఆయన మాటను నేను చాలా రోజులు మోశాను. చివరకు నాకు తోచింది ఏంటంటే, ఆయన రెండు వేరు పనులను సేవ్ అనే ఒక్క మాటతో పిలుస్తున్నారు. టైప్ చేసింది పోకుండా ఉంచడం ఒక పని. సరుకు లోపలికి తీసుకున్నామని ఒప్పుకోవడం వేరే పని. మొదటిదానికి బటన్ అక్కర్లేదు. ఫీల్డు మారిన ప్రతిసారీ చిత్తుప్రతి దానంతట అదే ఆ కంప్యూటర్లో దాచుకోవచ్చు, మేము ఇప్పుడు అదే చేస్తున్నాం. కరెంటు వచ్చాక పేజీ తెరిస్తే ఎక్కడ ఆగామో అక్కడి నుంచి ఉంటుంది. రెండోదానికి మాత్రం ఒక్కటే బటన్. అది నొక్కినప్పుడు సర్వర్‌లో రైతు, తూకాలు, అప్పు మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే విడదీయని ఒక్క పనిగా, డేటాబేస్‌లోకి ఎక్కుతాయి. మూడిట్లో ఒకటి కుదరకపోతే ఏదీ ఎక్కదు. డేటాబేస్‌లకు ఈ శక్తి ఎప్పటి నుంచో ఉంది. మూడు సేవ్‌లు పెట్టి దాన్ని మేమే మూడు ముక్కలు చేశాం.

తప్పులు పట్టడం కూడా ఇలాగే పంచుకోవాల్సి వచ్చింది. ఐఎఫ్‌ఎస్‌సీ ఆకారం సరిగ్గా ఉందా అన్నది బ్యాంకు భాగమే చూస్తుంది. అప్పు మొత్తం సరుకు విలువను దాటిందా అన్నది ఏ భాగానికీ తెలియదు, రెండు భాగాలనూ చూసేది పేజీ కాబట్టి అది పేజీ పని. సర్వర్‌లో రెండూ మళ్లీ చూడాలి, అందులో వాదన లేదు.

అన్నీ కలిపాక ఒక దెబ్బ తిన్నాం, అదీ చెప్పాలి. పెద్ద రైతు ఒకాయన 180 టిక్కీలు తెచ్చారు. ఒక్కో టిక్కీకి మా ఫారంలో ఆరు ఫీల్డులు, అంటే 1080. పీహెచ్‌పీలో ఒక ఫారం నుంచి తీసుకునే ఫీల్డులకు డిఫాల్ట్ పరిమితి 1000. దాటినవాటిని అది వదిలేస్తుంది, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. చివరి టిక్కీలు రాలేదు. బాబాయ్ ప్రింట్ తీసిన బాండు మీద టిక్కీల సంఖ్య చూసి పట్టుకున్నారు కాబట్టి బతికాం. జాంగోలోనూ డిఫాల్ట్ పరిమితి 1000 ఫీల్డులే, కానీ అది దాటితే మొత్తం తిప్పికొడుతుంది, అదే నయం. పరిమితి పెంచేద్దాం అన్నారు మావాళ్లు. నేను తూకాలను విడి ఫీల్డులుగా పంపడం మానేసి, పట్టిక మొత్తాన్ని ఒకే జేసన్ (డేటాను అక్షరాలుగా రాసే ఒక పద్ధతి) విలువగా పంపేలా మార్చాను. తూకాల కాంపొనెంట్ బయటకు ఇచ్చేది ఇప్పుడు ఒకటే ఫీల్డు. దానితో పాటు టిక్కీల సంఖ్యను పేజీ విడిగా పంపుతుంది, సర్వర్ రెండూ సరిచూసుకుంటుంది. బాబాయ్ కంటితో చేసిన పనిని ఆ రోజు కోడులో రాశాను.

కొత్త పేజీ పెట్టాక వచ్చిన సీజన్‌లో మళ్లీ గేటు దగ్గరకు వెళ్లాను. పేజీ అడుగున ఒక్కటే బటన్. దాని మీద సేవ్ అని రాయలేదు, "సరుకు లోపలికి తీసుకున్నాం" అని రాశాం, ఆయన మాటే. బాబాయ్ నాలుగు ట్రాక్టర్లు పంపించి, టీ తెప్పించి, స్క్రీన్ వైపు చూస్తూ అడిగారు.

"అంతా బాగానే ఉందమ్మా. మరి పుస్తకంలో అయితే అడుగున నేను సంతకం పెట్టేవాణ్ణి. ఇందులో ఎవరు ఎక్కించారో ఎట్టా తెలుస్తుంది?"

సర్వర్ లాగ్‌లో ఉంటుంది బాబాయ్ అన్నాను. అది మీకు కనపడుతుంది, రైతుకు కనపడదుగా అన్నారాయన.

ఆ రాత్రి అక్కడే కూర్చుని, బటన్ కింద ఎక్కించినవారి పేరు, తేదీ, టైము వచ్చేలా రాశాను. రైతు భాగంలో పెట్టలేదు, తూకాల భాగంలో పెట్టలేదు, పేజీ అడుగున పెట్టాను. బాండు ప్రింట్‌లోనూ అదే చోట వస్తుంది. మొదటి ప్రింట్ తీసి ఇస్తే, ఆయన తన పేరు చదువుకుని, జేబులోంచి పెన్ను తీసి పక్కన సంతకం కూడా పెట్టి, బయట నిలబడ్డ రైతుకు ఇచ్చారు.